వానలకు ముందే కొట్టం పెంకులు చూసుకోండి



మన గుంటూరు, ప్రకాశం పల్లెల్లో బెంగుళూరు పెంకుల కొట్టాలు ఇంకా వున్నాయి. రేకుల కన్నా ఎండకు చల్లన, గేదెకు హాయి. కాని కోతి దూకి ఒక్క పెంకు పగిలినా కిందనున్న పత్తిచెక్క బస్తా తడిసి బూజు పడుతుంది. ఆ బూజులో పుట్టే అఫ్లటాక్సిన్ అనే విషం మేతలోంచి పాలలోకి దిగుతుంది. పాలు కాచినా పోదు. అటువంటి చెక్కను ఎండబెట్టి వాడడం కుదరదు, పారవేయవలసిందే.

నీరు కారే చోటుకు సరిగ్గా పైనే పగులు వుంటుందనుకోవద్దు. నీరు రీపరు వెంట పారి ఎక్కడో చుక్క పడుతుంది. మిట్టమధ్యాహ్నం తలుపు మూసి లోపలినుంచి పైకి చూడండి. వెలుగు చుక్క కనిపించిన చోట సుద్దతో గుర్తు పెట్టండి. సన్నని నెర్రెలకు వెలుగు రాదు, తడి మరకలు వెతకాలి.

రోహిణి కార్తెలో పెంకు చేతికి కాలుతుంది గనుక పని పొద్దున్నే పెట్టుకోండి. గొడ్లను బయట కట్టేసి, లోపలినుంచే నిచ్చెన వేసుకోవడం మేలు. పైకెక్కి నడిస్తే ఒకటి బాగుచేయబోయి నాలుగు పగులుతాయి. పై వరుస పెంకును కాస్త ఎత్తి చెక్కముక్క దోపి, పగిలినదాన్ని లాగండి. సందుల్లో తేళ్లుంటాయి, చేయి జాగ్రత్త! కొత్తదాని ముక్కు రీపరుకు తగులుకోవాలి, అంచు గాడి పక్క పెంకు గాడిలో కూర్చోవాలి.

కంపెనీ మారితే గాడి కలవదు. కొనబోయేటప్పుడు పాత పెంకు ఒకటి వెంట తీసుకెళ్లండి. అదే రకం దొరకకపోతే చూరు వరుసలోని మంచి పెంకును మేత మీదికి మార్చి, వేరు రకంవి చూరుకు వేసుకోవచ్చు. తుపాను గాలికి ముందు లేచేది ఆ చూరు వరుసే. ముక్కుకున్న బెజ్జంలోంచి తీగ దూర్చి రీపరుకు బిగించండి.