ఫైలును మార్చేదొకటి, చూపించేదొకటి... ఎందుకు?

విజయవాడ ఆటోనగర్‌లో లారీకి బాడీ కట్టేవారు వేరు, రంగు వేసేవారు వేరు, వైరింగు చేసేవారు వేరు. ఛాసిస్ ఒక్కో షెడ్డు దాటుతూ పూర్తి లారీ అవుతుంది. లిక్స్ అనే డాక్యుమెంట్ ఎడిటర్‌దీ ఇదే పద్ధతి. మనం రాసింది ముందు లేటెక్ ఫైలవుతుంది, దాన్ని ఇంకో ప్రోగ్రామ్ పీడీఎఫ్ చేస్తుంది, తెరిచి చూపించేది మరొకటి. అందుకే ఏ ఫార్మాట్‌ను ఏ ప్రోగ్రామ్ మార్చాలో, ఏది చూపించాలో సెట్టింగుల్లో చెప్పాలి. నేరుగా మార్చేది లేకపోతే మధ్యలో మజిలీలు కలుపుకుని ఎడిటరే దారి వెతుక్కుంటుంది. నా దృష్టిలో ఈ పని పంపకమే దాని బలం.

అన్నీ ఒకే ప్రోగ్రామ్ చేస్తే తేలిక కదా అంటారా? తేలికే, ఆ ప్రోగ్రామ్ మన దగ్గర ఉన్నంతకాలం. తెలుగు డీటీపీనే చూడండి. అను ఫాంట్లతో టైపు చేసిన పాత ఫైల్లో నిజానికి తెలుగు లేదు. అందులో ఉన్నవి వేరే గుర్తుల సంఖ్యలు. ఫాంటు వాటి చోట తలకట్టు, గుడి, ఒత్తు లాంటి ముక్కలు గీసి చూపిస్తుంది. ఆ ఫాంటు లేని కంప్యూటర్లో చక్కటి శుభలేఖ కూడా పిచ్చి గీతల వరుసే. యూనికోడ్‌లో ‘క’కు 3093 అనే సొంత సంఖ్య ఉంది, ఫాంటు మారినా అది ‘క’యే. అందుకే పాత ఫైలును యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్ ఆ ముక్కలన్నీ ఏరి, ఏ ఒత్తు ఏ అక్షరానిదో తేల్చి, వరుస సరిచేయాలి. మరి దాన్ని నమ్మవచ్చా? కళ్లు మూసుకుని నమ్మకూడదు. ఒక్క ఒత్తు జారితే ‘కృష్ణ’ కాస్తా ‘కృష’ అవుతుంది. మార్చిన వెంటనే వ్యూయర్‌లో తెరిచి, ఒత్తుల దగ్గర ఆగి చదవాలి.