బండి ధర ఒకటి.. దీపం ధర వేరు!

బరంపురం: బండి కొన్నారు సరే.. దీపం కావాలా? దానికి వేరే డబ్బులు! హారన్, స్పీడోమీటరు కూడా చాలా బళ్లకు విడిగా కొనుక్కోవాల్సిందే. వందేళ్ల కిందటి మోటారు సైకిళ్ల సంగతిది. అప్పటికి మన గంజాం మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉంది. 1936లో గానీ ఒరిస్సాలో కలవలేదు.

ఆ దీపానికి బల్బు లేదు, బ్యాటరీ లేదు. ఇత్తడి డబ్బాలో కింద కార్బైడ్ ముక్కలు, పైన నీళ్లు. చుక్కచుక్కగా నీళ్లు పడితే గ్యాసు పుట్టి, రబ్బరు గొట్టంలోంచి దీపానికి చేరేది. అగ్గిపుల్ల గీస్తే తెల్లటి వెలుగు! మామిడికాయలు మగ్గబెట్టడానికి వాడొద్దని సర్కారు నిషేధించిందే, ఆ కార్బైడే ఇది. అమెరికాలోనైతే కొన్ని బళ్ల హ్యాండిల్‌కు ఏకంగా చిన్న గ్యాసు సిలిండరే బిగించేవారు. 1914లో ఇండియన్ కంపెనీ (పేరే ఇండియన్, ఊరు అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్) సెల్ఫ్ స్టార్టరూ పెట్టింది. బ్యాటరీలు తట్టుకోలేక ఆ ముచ్చట ఏడాదికే తీరింది.

ఇప్పుడీ పాత సామాను గొడవ ఎందుకంటారా? 50 ఏళ్లు దాటి, పెద్ద మార్పుల్లేకుండా అసలు రూపంలో ఉన్న బళ్లకు ‘వీఏ’ నంబరు ఇచ్చేలా 2021లో కేంద్రం నిబంధనలు తెచ్చింది. కొత్త రిజిస్ట్రేషనుకు రూ.20 వేలు. మైసూరులో 1960లలో తయారైన జావాలకూ ఆ వయసొచ్చింది. బండిని దాచుకుని, అటక మీది దీపాన్ని ఇత్తడి కింద తూకానికి వేసేస్తే మళ్లీ ఎక్కడ దొరుకుతుంది?

దొరికింది కదాని సరదాకి వెలిగించబోకండి. అడుగున పాత కార్బైడ్ మిగిలుంటే తడి తగలగానే గ్యాసు వస్తుంది.