పిన్ను పట్టినంత మాత్రాన చాలదు



మా ఒంగోలులో ఇప్పుడు అమెరికాలో బిడ్డలున్న ఇళ్లు చాలానే ఉన్నాయి. సెలవులకు వచ్చేటప్పుడు వాళ్లు ఏదో ఒక కరెంటు వస్తువు తెస్తూనే ఉంటారు. సంగీతం మీద సరదా ఉన్న పిల్లలుంటే, అది గిటారు యాంప్లిఫయరు కావచ్చు. అంటే ఎలక్ట్రిక్ గిటారు శబ్దాన్ని పెద్దదిగా చేసి వినిపించే స్పీకరు పెట్టె. పెట్టె విప్పీ విప్పకముందే పిల్లలు ప్లగ్గు పెట్టబోతారు. "కాస్త ఆగరా నాయనా" అనవలసిన వాళ్లం మనమే. ఎందుకో చెబుతాను.

మన ఇళ్లకు వచ్చే కరెంటు 230 వోల్టులు. అమెరికాలో 120, జపానులో 100 మాత్రమే. 1882లో ఎడిసన్ న్యూయార్కులో ఇళ్లకు కరెంటు ఇచ్చినప్పుడు సుమారు 110 వోల్టులతో మొదలుపెట్టాడు. అక్కడ ఆ తక్కువ లెక్కే స్థిరపడింది. వోల్టులంటే కుళాయిలో నీటి ఒత్తిడి లాంటివి అనుకోండి. 120కి చేసిన వస్తువుకు 230 ఇవ్వడమంటే, చప్పిడి కూడు తినే పసివాడికి మన పండుమిరపకాయ పచ్చడి పెట్టినట్లే. ఒత్తిడి రెట్టింపయితే పుట్టే వేడి రెండింతలు కాదు, సుమారు నాలుగింతలవుతుంది. అదృష్టం బాగుంటే ఫ్యూజుతో పోతుంది, లేకపోతే పెట్టే మాడిపోతుంది.

"బజార్లో అడాప్టరు దొరుకుతుందిగా!" అంటారు. దొరుకుతుంది. కాని అది చదునైన పిన్నులను మన గుండ్రటి రంధ్రాలకు సరిపెడుతుందే గాని, వోల్టులను తగ్గించదు.

మరేం చెయ్యాలి? పెట్టె వెనక అంటించిన చీటీ చదవండి. "ఇన్‌పుట్ 100–240 వోల్టులు, 50/60 హెర్ట్జ్" అని ఉంటే నిశ్చింత. పిన్ను మార్చే అడాప్టరు చాలు. కొన్నిటికి 115, 230 అని మార్చుకునే మీట ఉంటుంది. దాన్ని ప్లగ్గు పెట్టకముందే 230కి తిప్పాలి. ఒక్క 120 అనే ఉంటే మాత్రం వోల్టులు తగ్గించే స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మరు తప్పదు. యాంప్లిఫయరు చీటీ మీద 100 వాట్లని ఉంటే, 200 వాట్లది తీసుకోవడం మంచిది. జుట్టు ఆరబెట్టే యంత్రాలకని అమ్మే తేలికపాటి కన్వర్టర్లు దీనికి పనికిరావు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్లవుతుంది.

ఇంకొక్క మాట. ట్రాన్స్‌ఫార్మరు వోల్టులనే తగ్గిస్తుంది. అమెరికా 60 హెర్ట్జ్‌ను మన 50తో కలపలేదు. 60కే అని రాసి ఉన్న పెట్టె ఇక్కడ కాస్త ఎక్కువ వేడెక్కవచ్చు.

డబ్బు పోతే పోయింది, ప్రాణం సంగతి చూడండి. గిటారు తీగలు వైరు ద్వారా యాంప్లిఫయరు ఎర్తుకు కలిసి ఉంటాయి. వాయించే పిల్లవాడి వేళ్లు ఆ తీగల మీదే ఉంటాయి. అందుకే మూడో పిన్నును విరవకూడదు, ఎర్తు లేని రెండు పిన్నుల అడాప్టరు పెట్టకూడదు. ట్రాన్స్‌ఫార్మరుకూ మూడు పిన్నులుండాలి. ఇంట్లో ఎర్తు సరిగా ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించుకోండి. 1972లో బ్రిటన్‌లోని స్వాన్సీలో లెస్ హార్వే అనే గిటారు వాద్యకారుడు, ఎర్తు సరిగా లేని మైకును తాకి వేదిక మీదే షాకు కొట్టి చనిపోయాడు. పెట్టె చెడిపోయిందని పిల్లలు మూత విప్పబోతే విప్పనివ్వకండి. ప్లగ్గు తీసినా లోపలి కెపాసిటర్లలో కరెంటు కొంతసేపు నిలిచి ఉంటుంది.

అందుచేత కొనకముందే ఫోన్లో చెప్పండి: "అమ్మాయ్, కొనే ముందు దాని వెనక చీటీ ఫోటో పంపు" అని. నిజానికి అంతకంటే తేలిక దారి ఉంది. మామూలు ఎలక్ట్రిక్ గిటారును గోడ కరెంటుకు తగిలించే పని లేదు. గిటారు అక్కడ కొనమనండి, యాంప్లిఫయరు 230 వోల్టులది ఇక్కడ కొనుక్కోండి. ట్రాన్స్‌ఫార్మరు ఖర్చూ మిగులుతుంది, మోత బరువూ తగ్గుతుంది, మన మనసూ కుదుటపడుతుంది.

ఇక సెలవు.