కండబలం – బుద్ధిబలం

హైదరాబాదు పాతబస్తీలో కుస్తీ నేర్పే వ్యాయామశాలను ‘తాలీం’ అంటారు. బార్కాస్ వంటి పేటలు పహిల్వాన్లకు పేరెన్నికగన్నవి. ఉర్దూలో ‘తాలీమ్’ అంటే విద్య. దేహాన్ని సానపట్టే చోటుకూ, బుద్ధికి పదును పెట్టే చదువుకూ ఒకే మాట ఉండటం విశేషం. ఈ చుట్టరికం మాటలోనే ఉందా, మెదడులోనూ ఉందా?

ఎదిగిన మెదడులో కొత్త నాడీకణాలు పుట్టవని శాస్త్రజ్ఞులు చాలాకాలం విశ్వసించారు. 1960వ దశకంలో జోసెఫ్ ఆల్ట్‌మన్ ఎదిగిన ఎలుకల మెదడులో అవి పుడుతున్నట్లు చూపినా, నాడు ఎక్కువమంది అంగీకరించలేదు. 1998లో పీటర్ ఎరిక్సన్, ఫ్రెడ్ గేజ్ బృందం మానవుల మెదడులోనూ వాటి జాడను కనుగొన్నది. అవి కనిపించిన భాగం హిప్పోక్యాంపస్. కొత్త విషయాలను జ్ఞాపకాలుగా మలచటంలో దానిదే ముఖ్యపాత్ర. 1999లో గేజ్ ప్రయోగశాలలోనే హెన్రియెట్ వాన్ ప్రాగ్ మరో విశేషాన్ని గమనించింది. చక్రం మీద పరుగెత్తిన చిట్టెలుకల్లో కొత్త కణాల సంఖ్య దాదాపు రెట్టింపయింది.

దీనికి కారణమేమిటి? వ్యాయామం మెదడుకు రక్తప్రసరణను పెంచుతుంది. బి.డి.ఎన్.ఎఫ్. అనే ప్రోటీను కూడా అధికమవుతుంది. నారుకు నీరూ ఎరువూ వలె అది లేత కణాల ఎదుగుదలకు తోడ్పడుతుంది. అయితే పుట్టిన కణాలలో చాలా భాగం కొద్ది వారాల్లోనే నశిస్తాయి. శ్రమించి కొత్త విషయం నేర్చుకొన్న ఎలుకల్లో అవి ఎక్కువగా నిలిచాయి. అంటే వ్యాయామం నారు పోస్తుంది. విద్య దానిని నిలుపుతుంది.

మానవుల విషయంలో వివాదం పూర్తిగా తీరలేదు. 2018లో ఒక బృందం పెద్దల మెదడులో కొత్త కణాలు కనిపించలేదన్నది. 2025లో స్వీడన్ పరిశోధకులు వాటికి జన్మనిచ్చే కణాలను పెద్దల మెదడులో గుర్తించారు. వ్యాయామం మానవులలో వాటిని పెంచుతుందని నేరుగా రుజువు కావలసి ఉన్నది. అయినా నడక మేలు స్పష్టమే. 2011లో ప్రకటించిన అధ్యయనంలో 120 మంది వృద్ధులు పాల్గొన్నారు. వారిలో ఏడాదిపాటు, వారానికి మూడు రోజులు వేగంగా నడిచినవారి హిప్పోక్యాంపస్ సుమారు 2 శాతం పెరిగింది. ఒళ్లు సాగదీసే తేలిక వ్యాయామాలు మాత్రమే చేసినవారిలో అది కొంత తగ్గింది.

పరీక్షలు దగ్గరపడగానే విద్యార్థుల చేత ముందుగా మాన్పించేది ఆటలనే. ఆడుకొనే గంట చదువుకు నష్టమని పెద్దల భావన. కాని ఆ గంటే తక్కిన గంటల చదువును మనసులో నిలపవచ్చు. వ్యాయామానికీ విద్యకూ ఒకే పేరు పెట్టుకొన్న పాతబస్తీ మాటలో ఎంతో అర్థం ఉన్నది.