పన్ను కాగితం మీది ఇల్లు, బజారులోని ఇల్లు

గత దసరా సెలవులకు మేము ఊరికి వెళ్ళినప్పుడు మా పెద్దమ్మ ఒక కాగితం తెచ్చి చేతిలో పెట్టింది. "చదువుకున్నోనివి గదా బిడ్డా, ఇది చూసి చెప్పు" అన్నది. అది గ్రామ పంచాయతీవాళ్ళు ఇచ్చిన ఇంటి పన్ను నోటీసు. అందులో ఇంటి విలువ 1,60,000 రూపాయలని ఉంది. ఇల్లు కొంటానని తిరుగుతున్న ఒకాయన ఆ అంకె కింద గీత గీసి, "సర్కారే లక్షా అరవై అన్నది, నేను రెండు లక్షలిస్తున్న" అని చెప్పి వెళ్ళాడట. బిడ్డ పెండ్లి అప్పు ఇంకా తీరక పెద్దమ్మ దాదాపు ఒప్పుకున్నది.

మా ఇంట్లో డిగ్రీ పట్టా అందుకున్న మొదటివాళ్ళం మేమే. ఎం.ఏ. అర్థశాస్త్రంలో రికార్డో భాటక సిద్ధాంతం రాయమంటే ఎనిమిది పేజీలు రాస్తాం. కానీ ఆ రోజు పెద్దమ్మకు వెంటనే జవాబు చెప్పలేకపోయాం. తర్వాత అడిగి, చదివి తెలుసుకున్నది మన సంచికలో రాస్తున్నాం. ఎందుకంటే మన హాస్టల్ మిత్రుల్లో చాలామంది ఇళ్ళలో ఇలాంటి కాగితాలు చదవాల్సింది వాళ్ళే.

పన్ను విలువ అనేది పన్ను వేయడానికి కట్టిన లెక్క మాత్రమే. "ఈ ఇల్లు అమ్మితే ఎంత వస్తుంది?" అన్న ప్రశ్న ఆ లెక్కలో లేదు. వార్షిక అద్దె విలువ మీదగానీ, మూలధన విలువ మీదగానీ ఇంటి పన్ను వేయవచ్చని 1994 నాటి పంచాయతీరాజ్ చట్టం చెప్పింది. ఇల్లు మట్టిదా, పెంకులదా, స్లాబుదా, ఎంత వైశాల్యం, ఎంత పాతది అని చూసి అంకె వేస్తారు. హైదరాబాదులోనైతే చదరపు అడుగుకు నెలకు ఇంత అద్దె అని ప్రాంతాన్నిబట్టి నిర్ణయించి, దాని మీద పన్ను కడతారు. ఆంధ్రప్రదేశ్ పట్టణాల్లో 2021 ఏప్రిల్ నుంచి అద్దె పద్ధతి పోయి మూలధన విలువ పద్ధతి వచ్చింది. పద్ధతి ఏదైనా, పక్కన కొత్తగా బస్టాండు వచ్చిందనో, రోడ్డు నాలుగు వరుసలయిందనో ఆ అంకె మర్నాడే మారదు. బజారు ధర మారుతుంది.

ఈ రెంటికీ మధ్య ఇంకొకటి ఉంది, అదే అసలు తికమక. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో "మార్కెట్ విలువ" అని ఒక పట్టిక ఉంటుంది. పేరు మార్కెట్‌దే గాని, అదీ ప్రభుత్వం వేసినదే. స్టాంపు డ్యూటీ వసూలు కోసం వేసినది. తెలంగాణలో 2013 నాటి విలువలు 2021 జూలై దాకా అలాగే ఉండిపోయాయి. మళ్ళీ 2022 ఫిబ్రవరిలో పెంచారు. ఆ ఎనిమిదేళ్ళూ మన ఊళ్ళలో గజం ధర కదలకుండా ఉందా?

భూసేకరణ వచ్చినప్పుడు ఈ పట్టిక సంగతి కోర్టుల దాకా వెళ్ళింది. ఆదిలాబాద్ ఆర్.డి.ఓ. ప్రతివాదిగా ఉన్న కేసులో 1994లో సుప్రీంకోర్టు, స్టాంపు డ్యూటీ కోసం రాసుకున్న విలువల రిజిస్టరు ఆధారంగా నష్టపరిహారం నిర్ణయించరాదని తీర్పు చెప్పింది. 2013 నాటి భూసేకరణ చట్టం మాత్రం దాన్ని లెక్కలోకి తెచ్చింది. ఆ విలువ ఒకవైపు, చుట్టుపక్కల మూడేళ్ళలో రిజిస్టరయిన అమ్మకాల్లో ఎక్కువ ధర పలికిన సగం దస్తావేజుల సగటు మరోవైపు పెట్టి, ఏది ఎక్కువైతే అది తీసుకోవాలంది. దాని మీద నూటికి నూరు శాతం సొలేషియం కూడా ఇవ్వాలంది.

ఇక్కడే మనవాళ్ళు దెబ్బతింటారు. ఐదు లక్షలకు కొని, స్టాంపు డ్యూటీ మిగులుతుందని దస్తావేజులో రెండు లక్షలని రాయించుకుంటారు. మిగిలింది చేతికి చెయ్యి. రేపు రోడ్డు వెడల్పు చేయడానికో, కాలువ తవ్వడానికో స్థలం తీసుకుంటే సగటు కట్టేది ఆ రెండు లక్షల కాగితాలతోనే. రాయించుకున్నవాడికే కాదు, పక్కింటివాడికీ నష్టమే.

ఇంకొక మాట. పన్ను రసీదు ఉన్నంతమాత్రాన ఇల్లు మనదని రుజువైనట్టు కాదు. ప్రభుత్వం ఇచ్చిన ఇంటి స్థలం పట్టా అయితే, అమ్మడం మీద 1977 చట్టం నిషేధం పెట్టిన సంగతి కూడా చూసుకోవాలి. అలాంటి స్థలం తెల్లకాగితం మీద అమ్మి తర్వాత ఏడ్చినవాళ్ళను మేము చూశాం.

పెద్దమ్మది తాతల కాలం నాటి ఇంటి జాగా, ఆ చిక్కు లేదు. మేము ఆమెను వెంటబెట్టుకొని రిజిస్ట్రేషన్ ఆఫీసుకు వెళ్ళి గజం విలువ ఎంతుందో కనుక్కున్నాం. ఆ వీధిలో ఈమధ్య ఇళ్ళు అమ్మిన ఇద్దరిని, నిజంగా చేతికొచ్చింది ఎంత అని అడిగాం. ఒకాయన చెప్పలేదు. రెండో ఇంటి ఆమె చెప్పింది, నాలుగున్నర లక్షలు. పెద్దమ్మ ఇల్లు అంతకన్నా ముప్పై గజాలు ఎక్కువే.

సంక్రాంతికి ఆ పెద్దమనిషి మళ్ళీ వచ్చాడు. ఈసారి నోటీసు ఊసు ఎత్తలేదు, నాలుగు లక్షలు అన్నాడట. "మా పిలగాడు వచ్చినంక చెప్త" అని పెద్దమ్మ చాయ పోసి పంపింది.