సేనకు కన్నులైన దళము

యుద్ధములలో వాయుసేన చేయు పనులు ముఖ్యముగా రెండు విధములు. శత్రుదేశపు నగరములపైకిని, కర్మాగారములపైకిని దూరము పోయి బాంబులు వేయుట మొదటిది. రణరంగమును వీడక, నేలపై పోరాడు సైనికులకు తోడ్పడుట రెండవది. ఈ రెండవ పనికై ఏర్పడిన సేనను ‘టాక్టికల్ ఎయిర్ ఫోర్సు’ అందురు. మొదటిదానికి కలిగినంత కీర్తి దీనికి కలుగలేదు. కాని అడవిలో ఎదుటి పొదవెనుక ఎవరున్నారో తెలియక తుపాకి పట్టుకొని నిలిచిన సిపాయికి దీని విలువ బాగుగా తెలియును.

అట్టి సేనలో పనిచేసిన భారతీయ దళము ఒకటి కలదు. అది ఒకటవ నంబరు స్క్వాడ్రన్. 1933 ఏప్రిల్ 1వ తేదీన కరాచీలో అది ఏర్పడెను. నాడు దానికున్నవి నాలుగు పాత వాపిటీ విమానములు, వ్రేళ్ళపై లెక్కింపదగినంతమంది భారతీయ చోదకులు.

1942 ఫిబ్రవరిలో, జపాను సేనలు బర్మాలో చొరబడుచున్న తరుణమున, ఈ దళము అచటి టాంగూ స్థావరమును చేరెను. దాని నాయకుడు మజుందార్. వారి లైసాండరు విమానములు శత్రువు జాడలు తెలిసికొనుటకు నిర్మింపబడినవే కాని దాడికి కాదు. వారు వచ్చిన వెంటనే జపాను విమానములు టాంగూపై బాంబులు కురిపించెను. మజుందార్ తన లైసాండరునకు బాంబులు కట్టించి, చెట్ల తలలను తాకునంత క్రిందుగా ఎగురుచు సయాము దేశములోని శత్రు విమానస్థావరముపై దాడి చేసెను. ఆ సాహసమునకు మెచ్చనివారు లేరు. అయినను బర్మా నిలువలేదు; ఆ యేడే అది జపాను వశమయ్యెను.

యుద్ధము మన తూర్పు సరిహద్దులకు వచ్చెను. 1943 డిసెంబరులో అచట మూడవ టాక్టికల్ ఎయిర్ ఫోర్సు ఏర్పడెను. 1944 ఫిబ్రవరిలో ఒకటవ స్క్వాడ్రన్ మణిపురములోని ఇంఫాలు లోయకు పోయెను. ఇప్పుడు దాని విమానములు హరికేన్లు. నాయకుడు అర్జన్ సింగ్. ఆయన వయస్సు అప్పటికి ఇరువదినాలుగేండ్లు.

వారి పని ముఖ్యముగా చూచుట. చూచుటలో కష్టమేమి అని మీ రడుగవచ్చును. హరికేను అతివేగముగా పోవు విమానము. క్రింద కొండలు, దట్టమైన అడవి. జపానువారు రాత్రులు నడచి, పగలు చెట్లక్రింద దాగుచుండిరి. చిండ్విన్ నదిని దాటించు తెప్పలను, పడవలను తెల్లవారకముందే ఒడ్డున కప్పివేయుచుండిరి. కనుక వైమానికుడు సైనికులను కాదు, వారి జాడలను వెదకవలెను: నిన్న లేని బాట, ఉదయపు మంచులో సన్నని పొగ, పచ్చని చెట్ల నడుమ వాడిన కొమ్మలు. కప్పుటకు నరికిన కొమ్మ ఎంత తెలివిగా పెట్టినను రెండునాళ్ళకు వాడును గదా! విమానములు జంటగా పోవుచుండెను. ఒకడు నేలను చూచును. రెండవవాడు వెనుకనుండి ఆకాశమును కనిపెట్టి, అతనిని శత్రు విమానముల బారినుండి కాపాడును. తిరిగి వచ్చినపిమ్మట తాము చూచినదానిని పటముపై గుర్తించి సేనాధికారులకు తెలుపుదురు. చూచినది చూడనట్లు, చూడనిది చూచినట్లు చెప్పిన యెడల నేలపై ప్రాణములు పోవును.

మార్చిలో జపానువారి మూడు డివిజనులు సరిహద్దు దాటివచ్చెను. 29వ తేదీన ఇంఫాలునుండి కొహిమా పోవు బాట తెగెను. సుమారు లక్షన్నరమంది లోయలో చిక్కుకొనిరి. ఆహారము, మందుగుండు సామగ్రి డకోటా విమానములలో వచ్చుచుండెను. అవియే గాయపడినవారిని కొనిపోవుచుండెను. లోయలోని తిండి కొలతలు తగ్గినవి. వానలు మొదలై నేల బురదయయ్యెను. ఆ దినములన్నింటను ఒకటవ స్క్వాడ్రన్ లోయను వీడలేదు.

ఒకనాటి సాయంకాలము గస్తీ తిరుగుచున్న అర్జన్ సింగునకు ఇంఫాలుకు చేరువలోనే జపాను సైనికుల గుంపు కనబడెను. చీకటి పడనున్నది. ఆయన వెంటనే వార్త తెచ్చెను. లోయలో సిద్ధముగానున్న ముప్పైకి పైగా హరికేన్లు లేచి, ఆ మసక వెలుతురులోనే వారిపై పడెను. దాడి ముగించి, చీకటిలో నేలకు దిగెను. ఆ సంధ్య ఆయన కంట ఆ గుంపు పడకపోయినచో తెల్లవారునప్పటికి విమానస్థావరమేమయ్యెడిదో ఊహింపవచ్చును.

ఇచ్చట ఒక మాట చెప్పక తప్పదు. జపానువారితో నేతాజీ ఆజాద్ హింద్ ఫౌజు కూడ వచ్చెను. 1944 ఏప్రిల్ 14వ తేదీన అదే లోయలోని మొయిరాంగులో వారు తమ పతాకము నెగురవేసిరి. ఆంగ్లేయుల పతాకముక్రింద విమానము నడిపినవాడును, స్వాతంత్ర్యమునకై అడవిలో ఆకలితో నడచినవాడును భారతీయుడే. ఒక యింటివారే ఎదురెదురుగా నిలిచిన ఆ రణరంగమును తలచినపుడు గెలుపు మాట నోట సులభముగా రాదు.

జూన్ 22వ తేదీన కొహిమా బాట మరల తెరువబడెను, ముట్టడి వీడెను. ఆ నెలలోనే సేనాధిపతి మౌంట్‌బాటన్ స్వయముగా ఇంఫాలుకు వచ్చి, అర్జన్ సింగునకు డిస్టింగ్విష్డ్ ఫ్లయింగ్ క్రాస్ పతకమును తగిలించెను. ఆయన తరువాత స్వతంత్ర భారత వాయుసేనకు అధిపతియై, 1965 యుద్ధమున దానిని నడిపెను, 2017లో మరణించెను.

దళము 1945 మార్చివరకు అచటనే పనిచేసెను. 1947లో దేశము చీలినపుడు దాని విమానములు పాకిస్థాను పాలయ్యెను. ఆ సంఖ్యగల దళము మనకు లేకపోయెను. 1953లో వేరొక దళమునకు ఆ ఒకటవ సంఖ్యను మరల నొసగిరి.