పసివారి బొమ్మలు

ఒకటో తరగతి పిల్లవాడు గీసిన ఇంటికి గోడలుంటాయి, తలుపుంటుంది. అయినా లోపల కూర్చున్న అమ్మ, పొయ్యిమీది గిన్నె స్పష్టంగా కనబడుతుంటాయి. గోడ అడ్డుండగా లోపలి మనిషి ఎలా కనిపిస్తుందని పెద్దలు నవ్వుతారు. అమ్మ లోపల ఉన్నదని వాడికి తెలుసు, తెలిసినదానిని గీశాడు.

ఆస్ట్రియాలో జన్మించి అమెరికాలో స్థిరపడిన విక్టర్ లోవెన్‌ఫెల్డ్ 1947లో ప్రచురించిన గ్రంథంలో ఈ వికాసక్రమాన్ని దశలుగా వివరించాడు. రెండేళ్ళనుండి నాలుగేళ్ళవరకు పిచ్చిగీతలు. ఆపైన గుండ్రని తల, దానికే అతికిన కాళ్ళు. ఏడేళ్ళు వచ్చేసరికి కాగితం అడుగున నేలకు గుర్తుగా ఒక గీత, దానిపై మనుషులు, చెట్లు బారులు తీరుతాయి. బంతి పట్టే చెయ్యి మనిషికన్న పెద్దదైనా ఆశ్చర్యం లేదు. తొమ్మిదేళ్ళు దాటిన బాలుడు తన బొమ్మను లోకంతో పోల్చుకోసాగుతాడు. ‘నాకు బొమ్మలు రావు’ అనే మాట తరచుగా ఆ వయస్సులోనే పుడుతుంది. అటుతరువాత చాలామంది మళ్ళీ కుంచె పట్టరు.

అందుచేత అంతకుముందరి రెండు మూడేళ్ళు మిక్కిలి విలువైనవి. అప్పుడే అనేక పాఠశాలల్లో నల్లబల్లపై రెండు కొండలు, నడుమ సూర్యుడు, కింద సెలయేరు గీసి, చూసి వేయమంటారు. కోనసీమ పిల్లవాడు కొండను చూసి ఉండకపోవచ్చు. వాడి కాలువ, పడవ, కొబ్బరితోట కాగితంపైకి రానేరావు. నకలు వేయించే ఈ పద్ధతిని వియన్నాలో ఫ్రాంజ్ చిజెక్ కాదన్నాడు. 1897లోనే బాలలకు ప్రత్యేక చిత్రకళా తరగతిని ప్రారంభించి, వారి ఊహకు స్వేచ్ఛ ఇచ్చాడు. మన దేశంలో శాంతినికేతన్‌లో శిక్షణ పొందిన దేవీప్రసాద్ సేవాగ్రామ్ బడిలో ఇదే మార్గం అనుసరించాడు.

ఇందుకు ఖరీదైన సామగ్రి అక్కరలేదు. బెండకాయను అడ్డంగా కోసి రంగులో ముంచి అద్దితే పువ్వు వంటి అచ్చు పడుతుంది. ఆ పువ్వులు ఒకరికి తోట అవుతాయి, మరొకరికి నెమలిపింఛం. తెల్లకాగితంపై కొవ్వొత్తితో గీసి, పైన నీలిరంగు నీళ్ళు పూస్తే, మైనం నీటిని అంటనీయదు కనుక కనిపించని గీతలు తెల్లగా తేలుతాయి. పసుపుముద్ద పూసి ఆరబెట్టిన కాగితంపై సబ్బునీటిలో తడిపిన పుల్లతో గీస్తే గీత ఎర్రబడుతుంది. దానిపై నిమ్మరసం చుక్క వేస్తే మళ్ళీ పసుపుపచ్చగా మారుతుంది. సున్నంతోనూ ఎరుపు వస్తుంది గాని, కంటికి ప్రమాదం కాబట్టి పసివారి చేతికి ఇవ్వరాదు.

బొమ్మ పూర్తయ్యాక ‘ఇదేమిటి, కుక్కా, మేకా?’ అని అడగడం పిల్లవాణ్ణి చిన్నబుచ్చుతుంది. ‘దీని కథ చెప్పు’ అంటే చాలు, ఆగకుండా చెబుతాడు. ఉపాధ్యాయుడు ఆ మాటలను, తేదీని కాగితం వెనుక వ్రాసి భద్రపరచాలి. జూన్‌లో తలనుండే మొలిచిన చేతులు, ఏప్రిల్ నాటి బొమ్మలో భుజాలకు దిగి ఉండవచ్చు.